బస్సు అక్షరం

పోయిన నెలలో ఒక అమ్మాయి మదనపల్లెలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రిటైరైన డ్రాయింగు టీచరు కోసం మా ఊళ్ళో ఎవరైనా వచ్చారంటే సైన్సు రికార్డులో బొమ్మలు వేయించుకోవడానికే వస్తారు. అందుకే గేటు దగ్గర వీపున బ్యాగుతో నిలబడ్డ ఆ పిల్లను చూడగానే "ఏ క్లాసు రికార్డమ్మా?" అన్నాను. ఆ పిల్ల నవ్వేసింది. "రికార్డు కాదు మేడం. నా పేరు నవ్య. కుప్పం నుంచి వస్తాండాను. పుంగనూరు బోర్డుల సిద్దప్ప కూతురు మీరేనా?" అంది. మా నాయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన్ను 'బోర్డుల సిద్దప్ప' అని పిలిచేవాళ్ళూ దాదాపు అందరూ పోయారు. ఆ మాట వినేసరికి ముందు కుర్చీ వేయాలో కాఫీ పెట్టాలో తెలియక రెండూ ఒకేసారి చేయబోయి, కుర్చీ పట్టుకుని వంటింట్లోకి పోయాను.

నవ్యకు బెంగళూరులో ఉద్యోగం. కంప్యూటర్లకూ ఫోన్లకూ అక్షరాలు గీస్తుంది. అదే ఉద్యోగమట, దానికే జీతమట. మా అవ్వ బతికి ఉంటే, నువ్వూ ఉన్నావని మా నాయన్ను పిలిచి మరీ వినిపించేది. కుప్పం బజార్లో ఒక పాత బట్టల అంగడిని పడగొడుతుంటే, ఫ్లెక్సుల వెనక రేకు బోర్డు ఒకటి బయటపడిందని, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు తాను ఎక్కడా చూడని విధంగా ఉన్నాయని, కింద మూలలో 'సిద్దప్ప, పుంగనూరు' అని ఉందని చెప్పింది. ఆ అక్షరాలను చూసి మొత్తం ఇరవై ఆరూ గీస్తోందట. ఆ ఫాంటుకు 'సిద్దప్ప' అని పేరు పెడుతుందట. నేను గాల్లో తేలుతూ వింటున్నాను. అప్పుడు ఫోన్లో ఫోటో చూపించి, "ఒక్క ఎస్ దగ్గర ఆగిపోయింది మేడం. మా ఆఫీసులో పెద్దోళ్ళు ఇది తప్పు, తిప్పేయమంటాండారు. నాకేమో ఆయన కావాలనే అట్ల రాసినాడనిపిస్తాండాది. మీరు తప్పంటే తిప్పేస్తాను. కావాలనే అంటే అట్లే ఉంచుతాను" అంది. ఇంగ్లీషు ఎస్‌లో రెండు పొట్టలుంటాయి. పైది కొంచెం చిన్నది, కిందది కొంచెం పెద్దది. తేడా కనిపించీ కనిపించనట్టుగా ఉంటుంది గాని, తలకిందులు చేస్తే మాత్రం ఇప్పుడో అప్పుడో ముందుకు పడిపోయేటట్టు కనిపిస్తుంది. ఫోటోలో ఆరు ఎస్‌లున్నాయి. ఆరూ తలకిందులుగానే ఉన్నాయి. ఆ సంగతి నాకు ఆ అమ్మాయి పుట్టకముందు నుంచే తెలుసు. "ఇంకా సూపించాల్సినవి ఉండాయి మేడం" అంటూ ఆమె లాప్‌టాప్ తీయబోతుంటే, "ముందు కాఫీ తాగు" అని లోపలికి పోయి పొయ్యి ముందు చాలాసేపు నిలబడ్డాను.

కాఫీ వాసన కంటే టర్పెంటైన్ వాసనే ముందు గుర్తొచ్చింది. పుంగనూరులో మా ఇంటి వాసన అది. టర్పెంటైను, అవిసె నూనె, ఎనామిల్ రంగు, వాటి వెనక ఎక్కడో అమ్మ చేసే సంగటి, రోట్లో నూరే చెనక్కాయల ఊరిబిండి. మధ్య గదిలో రేకు బోర్డులు ఆరుతుండేవి. తడి బోర్డు మీద ఒక్క దుమ్ము రేణువు వాలినా మా నాయన ఇల్లు పీకి పందిరేసేవాడు. అందుకని బోర్డు ఆరేదాకా మా ఇంట్లో చీపురు పట్టకూడదు, దుప్పటి దులపకూడదు, పోపు వేయకూడదు. పోపు పొగలో జిడ్డు ఉంటుందని ఆయన నమ్మకం. మా వాకిలి రెండు రోజులు ఊడవకుండా కనిపిస్తే, సిద్దప్పకు పెద్ద బోర్డే దొరికినట్టుందని వీధిలో వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. అన్నింటికంటే పెద్ద రూలు ఇంకొకటి. రంగు వేసిన బోర్డును దుమ్ము పడకుండా కాస్త వాలుగా, ముఖం గోడవైపు పెట్టి నిలబెట్టాలి. పూర్తిగా ఆరేదాకా దాన్ని ఎవరూ తిప్పి చూడకూడదు. గోడవైపు తిరిగిన బోర్డుల వరస చూసి అమ్మ, "అలిగిన కోడళ్ళ మాదిరి ఉండాయి, ఒక్కదానికీ నాతో మాటల్లేవు" అని విసుక్కునేది. పోపు లేని పప్పు తిని పెరిగాం కాబట్టే మాకెవరికీ ఒళ్ళు రాలేదని ఇప్పటికీ మా చెల్లెలు అంటుంది.

మా నాయనకు ఇంగ్లీషు రాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఇరవై ఆరూ వచ్చు. కూడబలుక్కుని చదవడం కాదు, మనుషులను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేవాడు. ఏ ఊరికి పోయినా బస్సు దిగీ దిగకముందే తలెత్తి బోర్డులు చూసేవాడు, చూసి తిట్టేవాడు. "ఆ ఆర్ సూడు, కాలు చాపుకోని అరుగు మింద కూసునుండాది. ఆ బీకి పొట్ట లోపలికి పోయింది, తిండి పెట్టలేదు యాలనో." పెళ్ళిళ్ళకు పోతే శుభలేఖ మీద అక్షరాల మధ్య సందులు చూసి ముఖం మాడ్చుకునేవాడు. ఒకసారి మేనత్త కూతురి పెళ్ళిలో స్వాగతం బోర్డును భోజనాల వేళకు దింపించి, సరిగ్గా రాసి, పెళ్ళికొడుకు వాళ్ళు చేతులు కడుక్కునేలోపు మళ్ళీ కట్టించాడు. అది అయ్యాకే భోజనానికి కూర్చున్నాడు.

ఆయన సొంత అక్షరం పుట్టింది తాలూకాఫీసు ముందు. అక్కడ చెట్టు కింద అర్జీలు టైపు కొట్టే ఆయన ఒకాయన ఉండేవాడు. టైపు మిషను అక్షరాలకు కింద చిన్న పీటల్లాంటి కాళ్ళుంటాయి కదా. ఆ మిషను పాతది, సిరా ముద్దగా పడేది, దాంతో కాళ్ళ అంచులన్నీ గుండ్రంగా వచ్చేవి. పాడైపోయిన అర్జీ కాగితం ఒకటి తెచ్చి మా నాయన గోడకు అంటించుకున్నాడు. "అక్షరమంటే ఇట్లుండాల. కాళ్ళు నేలకానుండాల, బుజాలు గుండ్రంగా ఉండాల" అనేవాడు. అయితే మా వైపు అంగళ్ళ పేర్లు చిన్నవి కావు. ముందు దేవుడు రావాలి, తర్వాత అంగడి పెట్టిన పెద్దాయన, ఆ తర్వాత కొడుకులు, చివర ఊరి పేరు. కుప్పంలో అయితే తెలుగు కింద ఒక పక్క తమిళం, ఒక పక్క కన్నడం కూడా రాయాలి. అన్నీ అయ్యాక ఇంగ్లీషుకు మిగిలేది బెత్తెడు చోటు. అందులోకీ పైనున్న తెలుగు వత్తులు వేలాడుతుంటాయి. కాబట్టి మా నాయన ఆ టైపు అక్షరాలను నిలువుగా సాగదీసి, సన్నగా చేసి, వత్తులు దిగిన చోట సందు వదులుతూ పక్కపక్కన నిలబెట్టాడు. దానికి 'బస్సు అక్షరం' అని పేరు పెట్టాడు. సంత రోజు పుంగనూరు బస్సులో జనం ఎట్లా నిలబడతారో ఈ అక్షరాలూ అట్లాగే నిలబడతాయట. ఎంత ఒత్తుకున్నా ఎవరి కాళ్ళు వాళ్ళు నేలకు ఆనించే ఉంటారు, మోచేతులు మాత్రం ముడుచుకుంటారు. మూలలు ఎందుకు గుండ్రం చేశావని ఎవరైనా అడిగితే, "తెలుగులో యాడైనా మూల ఉండాదా అప్పా? దాని పక్కన మూలలుండే అక్షరం నిలబెడితే పొడుసుకోదా?" అనేవాడు.

ఇది ఎంత తెలివైన పనో నాకు ఫ్లెక్సులొచ్చాకే తెలిసింది. ఇప్పుడు పేరు పొడవైతే కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు అక్షరాలను రెండు వైపుల నుంచీ నొక్కేస్తాడు. అడ్డగీతలు లావుగానే ఉంటాయి, నిలువుగీతలు చిక్కి శల్యమైపోతాయి. మా నాయన అక్షరం సన్నబడినా నిలువుగీత బలం తగ్గేది కాదు, తగ్గేదల్లా లోపలి ఖాళీ. చౌడేపల్లె పాల వ్యాన్ల మీద, మదనపల్లె టమోటా మండీ పెట్టెల అంచుల మీద, కుప్పం గ్రానైటు లారీల వెనక, బస్సుల ముందు తగిలించే పలకల మీద ఆ అక్షరమే ఉండేది. చోటు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ అయితే సిద్దప్ప దగ్గరికి రావాల్సిందే. నవ్యకు ఇదంతా చెబుతుంటే ఆమె కాఫీ చల్లారబెట్టుకుని రాసుకుంటోంది. చెప్పాల్సింది మాత్రం నేనింకా చెప్పలేదు.

నా పదో ఏట నుంచి మా నాయన గీసిన గీతల లోపల రంగు నింపేదాన్ని. పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి ఒక బోర్డు మొత్తం నేనే రాయాలనే పిచ్చి పట్టుకుంది. రంగు నింపడం కాదు, కొలవడం, గీయడం, రాయడం అన్నీ నేనే చేయాలి. తర్వాత ఆయనతో పాటు ఊళ్ళు తిరగాలి, నిచ్చెన ఎక్కాలి. ఇది వినగానే మా అవ్వ, మా నాయన తల్లి, తలుపుకు అడ్డం కూర్చుంది. "ఆడబిడ్డ బజార్లో నిచ్చెనెక్కేదేంది? ఊరంతా కింద నిలబడి సూసేదేంది? నేను సచ్చినాక ఎక్కించు" అంది. మా నాయన చాలాసేపు కుంచె తుడుచుకున్నాడు. "కుప్పం బట్టలంగడి బోర్డు వచ్చుండాది గదమ్మా. అది రత్న రాస్తాది. బాగా వస్తే నాతోనే తిరగతాది. లేకపోతే నీ మాటే నా మాట" అన్నాడు. రత్న అంటే నేనే. నా బతుకంతా ఆ రేకు మీద ఆధారపడి ఉందని నాకు బాగా తెలుసు.

అంగడి పేరు ఇక్కడ రాయను గానీ అందులో ఆరు ఎస్‌లున్నాయి. చీరలు, సిల్కు, సన్స్ అన్నీ ఉన్నాయి మరి. ఇంగ్లీషు అక్షరాలకు మా ఇంట్లో అట్ట అచ్చులుండేవి. ప్రతి అచ్చుకూ తలవైపు ఒక రంధ్రం పొడిచి మేకుకు తగిలించేవాళ్ళం. మేకు మీద నుంచి తీసి, వేలాడినట్టే బోర్డు మీద పెట్టి, చుట్టూ గీసుకోవడమే. ఎస్ అచ్చు నూనె పీల్చి చిరిగిపోయింది. నేను కొత్త అట్ట మీద ఎస్ కత్తిరించాను. ఎంత చక్కగా కత్తిరించానో చూసుకుని మురిసిపోతూ రంధ్రం పొడిచాను. అది కాళ్ళవైపు పొడిచాను. అచ్చు మేకుకు తలకిందులుగా వేలాడింది, తలకిందులుగానే బోర్డు మీదికి వచ్చింది. దగ్గరగా కూర్చుని రాసేవాళ్ళకు ఒక్కో అక్షరం గీతలుగానే కనిపిస్తుంది, దూరం పోతేగాని అక్షరంగా కనిపించదు. మా నాయన ఆ రెండు రోజులూ చౌడేపల్లెలో నూనె మిల్లు గోడకు రాస్తున్నాడు. ఆయన వచ్చేసరికి బోర్డు గోడవైపు ముఖం పెట్టి ఆరుతోంది. చూడాలని ఎంత ఆత్రం ఉన్నా ఆయన రూలు ఆయనే తప్పలేదు. మర్నాడు పొద్దున్నే దుప్పటి చుట్టి బస్సు పైకెక్కించాం. పలమనేరులో బస్సు మారినప్పుడు కూడా దుప్పటి విప్పలేదు.

కుప్పంలో బోర్డును రెండు తాళ్ళతో పైకి లాగి బిగించారు. నేను వీధి దాటి అవతలికి పోయి చూశాను. ఆరు ఎస్‌లూ కనిపించాయి. మిగతా అక్షరాలేవీ కనిపించలేదు. అంగడాయన కర్పూరం వెలిగించి, టెంకాయ పైకెత్తి కొట్టబోతున్నాడు. అప్పుడే గొడుగు పట్టుకుని పోతున్న ఇంగ్లీషు అయ్యవారొకాయన ఆగి, తల వెనక్కి వాల్చి చూసి, "ఏమప్పా, ఎస్‌లన్నీ తలకిందులు రాసినావే?" అన్నాడు. అంగడాయన చేయి గాల్లోనే ఆగింది. మా నాయన తలెత్తి చూశాడు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు వీధి అవతల నుంచి కూడా కనిపించింది. వీధిలో నన్ను వేలెత్తి చూపిస్తాడనుకున్నాను. ఆయన నావైపు తిరగనే లేదు.

"తలకిందులు కాదు సారూ, అది మా ఇంటి ఎస్" అన్నాడు. "పైన బరువుంటే దూరానికి బాగా అవపడతాది. నేను ఎస్ అంటే ఇట్లనే రాస్తాను. మా వైపు వచ్చి సూడండి, ఎన్ని బోర్డులుండాయో." అయ్యవారు "అట్లనా, నేను సూడలేదే" అని గొడుగు సర్దుకుని పోయాడు. టెంకాయ పగిలింది. మా నాయన నిచ్చెన ఎక్కి, బోర్డు కింద మూలలో 'సిద్దప్ప, పుంగనూరు' అని రాశాడు. అంతకుముందు ఆయన ఏ బోర్డు మీదా పేరు వేసుకోలేదు. తప్పు ఎవరిదని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక పేరుండాలి, అది నాది కాకూడదు, అందుకే ఆ సంతకం.

తిరుగు బస్సులో "నాయనా, రంధ్రం నేనే తిప్పి పొడిచినా" అన్నాను. "తెలుసులే, నిద్రపో" అన్నాడు. ఇంటికి పోయాక అవ్వ అడిగితే, "బోర్డు బ్రమ్మాండంగా వచ్చిందమ్మా, ఇంక నువ్వు తలుపుకాడ్నించి లెయ్" అన్నాడు. అవ్వ లేచింది. నేనే మళ్ళీ అక్షరం పట్టుకోలేదు. ఆ ఏడాదే డ్రాయింగు టీచరు ట్రైనింగులో సీటొస్తే, అడవిలో దారి దొరికినట్టు పారిపోయాను. మదనపల్లెలో ఉద్యోగమంతా కుండలు, మామిడికాయలు, రామచిలకలు గీయించాను. పిల్లలు అక్షరాలు నేర్పమంటే అది సిలబసులో లేదనేదాన్ని. ఇంగ్లీషు బోర్డు కనిపిస్తే తల దించుకుని నడవడం అలవాటైపోయింది. సెలవులకు పుంగనూరు పోయినా మా ఇంట్లో బోర్డులు గోడవైపు చూస్తుండేవి, నేనూ తిప్పమని అడగలేదు. మా నాయన కూడా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, బతికినంతకాలం.

ఇదంతా నవ్యకు చెప్పేశాను. "కావాలని రాసింది కాదమ్మా. నా తప్పు. మీ ఆఫీసోళ్ళు చెప్పిందే నిజం, తిప్పెయ్. మా నాయన పేరు పెట్టి నా తప్పు ఊరంతా తిప్పొద్దు" అన్నాను. ఆ పిల్ల ముఖంలో మాత్రం నేననుకున్న నిరాశ కనిపించలేదు. "ఆ బోర్డు ఒకటే కాదు మేడం" అని లాప్‌టాప్ నా వైపు తిప్పింది. పుంగనూరు టైలరు అంగడి, కలికిరి బెల్లం మండీ, మా మదనపల్లెలోనే నేను కూరగాయలకు పోయే దారిలో ఉన్న విత్తనాల అంగడి. అన్నింటి మీదా బస్సు అక్షరాలు. ఎస్ ఉన్న ప్రతిచోటా అది తలకిందులుగానే ఉంది. ఎన్నేళ్ళు ఆ బోర్డు కింద నడిచానో లెక్కలేదు, ఒక్కసారీ తలెత్తలేదు.

"నా అచ్చు అట్లే వాడుకోనుంటాడు. రంధ్రం సంగతి మర్సిపోయుంటాడు" అన్నాను. నవ్య తల అడ్డంగా ఊపి, ఇంకో ఫోటో తీసింది. చౌడేపల్లె నూనె మిల్లు. "ఈడ రెండు గోడలుండాయి మేడం. వీధి గోడ ముందు రాసింది, పెరటి గోడ తర్వాత రాసింది." నిలువెత్తు అక్షరాలు, అంత పెద్దవాటికి అచ్చులుండవు, చేత్తో రాయాల్సిందే. నేను కుప్పం బోర్డు రాస్తున్న రెండు రోజుల్లో ఆయన రాస్తున్న వీధి గోడ మీద ఎస్‌లన్నీ నిటారుగా, చక్కగా ఉన్నాయి. పెరటి గోడ మీద ఒక్కొక్కటీ తలకిందులు. "మిల్లు పెద్దాయన ఇంకా ఉండాడు" అంది నవ్య. "ఈ ఎస్ తప్పు గదా, మార్సు సిద్దప్పా అన్నాడంట. 'నా ఎస్ ఇదే, వద్దంటే ఇంకొకర్ని పిల్సుకో' అని మీ నాయన నిచ్చెన దిగేసినాడంట. ఆయనే మళ్ళా బతిమాలి ఎక్కించుకున్నాడంట."

మా వైపు వచ్చి చూడండి, ఎన్ని బోర్డులున్నాయో అని కుప్పంలో ఆ అయ్యవారితో అన్న రోజు, మా వైపు అట్లాంటి బోర్డు ఒక్కటి కూడా లేదు. ఆ అబద్ధాన్ని నిజం చేయడానికి మా నాయన మిగిలిన జీవితమంతా రాశాడు. అయ్యవారు నిజంగానే వచ్చి చూస్తాడని భయపడ్డాడో, ఎవరైనా వేలెత్తి చూపిస్తే అది ఒక్క బోర్డు మీది తప్పుగా మిగలకూడదనుకున్నాడో నాకు తెలియదు. ఊళ్ళో ఎవరి ఆర్ కాలు చాపినా ఓర్చుకోలేని మనిషి. ప్రతి ఎస్ దగ్గరా ఆయన చేయి నిటారుగా రాద్దామని పోయి ఉంటుంది, దాన్ని బలవంతంగా తిప్పి ఉంటాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. చెబితే నేను ఏడుస్తానని ఆయనకు తెలుసు. ఇప్పుడు ఆయన లేకుండానే ఏడ్చాను, పరాయి పిల్ల ముందు కూర్చుని, పైటకొంగు చాలక.

నవ్య నెమ్మదిగా "ఇప్పుడేం చేయమంటారు మేడం? తిప్పేయమంటారా?" అంది.

"తిప్పద్దు తల్లీ, అట్లే ఉండనీ" అన్నాను. "తప్పుగా రాసిన ఆ ఆరు ఎస్‌లే నావి. మిగతావన్నీ మా నాయనవి."